రాజుగారు చేయని సముద్రయానం

ఒకానొక రాజ్యంలో, పొలిమేర దాటి ఎరగని రాజొకడు ఉండేవాడు. పేరు ఉదయవర్మ. ఓడ ఎక్కాలంటే ఆయనకు హడలు. దేశాలు తిరిగినవాడినని అనిపించుకోవాలని మాత్రం మహా ఉబలాటం.

ఒకనాడు కొలువులోని మాటకారి కొమ్మనను చాటుగా పిలిపించాడు.

"నా బదులు నువ్వు ఓడెక్కి దీవులూ మంచుదేశాలూ చూసి రా. అందాకా నేను కొండకోటలో దాక్కుంటాను. చూసిందంతా నాకొక్కడికే చెప్పాలి. మరెవరి దగ్గరైనా నోరు విప్పితే తల ఉండదు" అన్నాడు.

రాజుగారు దేశాటనకు వెళ్ళారని చాటింపు వేశారు. కొమ్మనకు జబ్బు చేసి, వైద్యానికి పొరుగూరు వెళ్ళాడని లోకానికి చెప్పారు.

కొమ్మనకు మాటే బతుకు. ఓడలో అతని భాష తెలిసినవాడు ఒక్కడూ లేడు. తెలుగు మరిచిపోతానేమోనని భయం వేసి, తన పేరు తనే పిలుచుకుని, తనే "ఆఁ" అని పలికేవాడు. దారిలో ఓడ తుఫానుకు చిక్కి, చావు తప్పి గట్టెక్కింది. మంచుదేశంలో ఇరవై రోజులు జ్వరంతో పడి ఉన్నాడు. ఒక ముసలావిడ జావ కాచి పోసింది. ఆమెకు తన గోడంతా చెప్పుకున్నాడు. ఆమె తన గోడు చెప్పుకుంది. ఒకరిది ఒకరికి అర్థం కాలేదు.

ఏడాదిన్నరకు తిరిగొచ్చి, చూసిందంతా రాజుకు అప్పజెప్పాడు.

మర్నాడు రాజు కొండకోట దిగి వచ్చి, నిండు సభలో తన యాత్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఆ నోట్లో పడి జ్వరం యుద్ధమైంది. ముసలావిడ ఆయన్ను వలచిన రాణి అయింది. కొమ్మన వెనక వరసలో కూర్చుని విన్నాడు.

పక్కనున్న ఆస్థాన వైద్యుడు, "ఒళ్ళు కుదుటపడిందా? పడుకుని పడుకుని విసుగేసి ఉంటుంది" అన్నాడు.

"వేసింది" అన్నాడు కొమ్మన. నడిసంద్రంలో కూడా అతనికి అంత ఒంటరిగా అనిపించలేదు.

మూడోనాడు రాజు, "వచ్చే ఏడు ఓడ మీద పడమటి ఎడారులకు బయలుదేరుతున్నాం" అని ప్రకటించి, ఓరగా కొమ్మన వైపు చూశాడు. కొమ్మన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, తుఫాను సంగతి చెబుతూ ఒకటి మరిచారు. గంగమ్మకు మొక్కుకున్నారు కదా."

"ఏం మొక్కు?"

"గట్టెక్కితే మళ్ళీ ఓడెక్కననీ, నా కోసం మరొకణ్ణి ఎక్కించననీ. రేవులో సత్రం కట్టిస్తాననీ. ఏ దేశంవాడు దిగినా అన్నం పెట్టి, భాష రాకపోయినా పక్కన కూర్చుని వాడు చెప్పేది వినే మనిషిని అక్కడ ఉంచుతాననీ."

రాజు ముఖం కందగడ్డ అయింది. "నేను మొక్కలేదు. నువ్వు అక్కడున్నావా?"

"నేనెలా ఉంటాను ప్రభూ? మంచాన పడి ఉన్నాను. తమరు వచ్చాక చెప్పిన మాటే ఇది. అనుమానమైతే ఓడవాళ్ళను పిలిపించి, తుఫానులో మొక్కిందెవరో అడుగుదాం."

పురోహితుడు కంగారుగా లేచాడు. "గంగమ్మ మొక్కు తప్పితే రాజ్యానికి అరిష్టం ప్రభూ."

రాజు కొమ్మన వైపు చూశాడు. పెదవి బిగించాడు గానీ నవ్వు ఆగలేదు. సింహాసనం అదిరేలా నవ్వి, "మొక్కాను. సత్రం కట్టించండి. ఇక ఎవరూ ఎడారికి పోనక్కర్లేదు" అన్నాడు.

సభ ఖాళీ అయ్యాక కొమ్మనను ఆపి, మెడలోని హారం తీసి వేశాడు. "నేనెక్కని ఓడలో నన్ను ముంచావు కదయ్యా. ఇంకేం కావాలో కోరుకో."

"నా ప్రయాణం నన్ను చెప్పుకోనివ్వండి."

రాజు నవ్వు ఆపాడు. మెట్టు దిగి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. "రేపు సభలో చెబుదువు గాని, ముందు నాకు చెప్పు. ఇదివరకు నేను దేశాల గురించే అడిగాను. నీ గురించి చెప్పు."

"నేను ఓడెక్కిన రోజున..." అని మొదలుపెట్టి కొమ్మన ఆగిపోయాడు. అంతటి మాటకారికి తర్వాతి మాట దొరకలేదు.

రాజు తొందరపెట్టలేదు. అలాగే కూర్చున్నాడు.