గుర్రాల వరుసలో గంగన్న

మూటలు మోసి నడుములు విరుగుతున్న కాల్బంట్ల కోసం, జీనులు కుట్టే ఓబులమ్మ మూట వీపుకి ఒరుసుకోకుండా తోలుతో, వెదురుబద్దలతో ఒక నడుముపట్టీ కుట్టింది. సేనను నడిపే దళవాయి దాన్ని విసిరికొట్టాడు. "బంటుకి పట్టీ ఏమిటే? మొగాడైతే మోస్తాడు!"

ఓబులమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆమె మొగుడు గంగన్నా బంటే. మూట ఒరుసుకుని వాడి వీపు మీద పుండు మానిన రోజు లేదు.

ఆ కోటలో ప్రతి సోమవారం రాజుగారే గుర్రాల వీపులు తడిమి చూస్తారు. పుండు కనబడితే, మానేదాకా ఆ గుర్రం మీద బరువు వెయ్యరు. ఆ సోమవారం వరుస చివర రాజుగారి చేతికి మనిషి వీపు తగిలింది. గంగన్న వంగి నిలబడి ఉన్నాడు.

"గుర్రాల్లో మనిషేమిటి?" అని దళవాయి అరిచాడు.

"మనుషుల వరుసలో వీపు చూసే దిక్కు లేదు దొరా, అందుకే ఇక్కడ నిలబెట్టాను" అంటూ ఓబులమ్మ, దళవాయి విసిరికొట్టిన పట్టీని రాజుగారి ముందు పెట్టింది.

రాజుగారు చేతికంటిన నెత్తురు చూసుకున్నారు. "బంట్లందరికీ పట్టీలు కుట్టు. ఇతని పుండు మానేదాకా ఇతని మూట దళవాయి మోస్తాడు."

మూడోరోజే దళవాయి నడుము పట్టుకుని ఓబులమ్మ గుమ్మంలోకొచ్చాడు. "నాకూ ఒక పట్టీ..."

"సోమవారం దాకా ఆగండి దొరా. గుర్రాల వరుసలో మా ఆయన పక్కన చోటుంది."