నందివర్ధనానికి మంచినీళ్ళు

సిద్ధప్ప స్వామిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆయన ఆశ్రమంలో సందేహాలున్నవాళ్ళు తక్కువగా కనిపించడానికి కారణం అదేనని నా అనుమానం.

ఒక వేసవిలో సుంకమ్మ అడిగింది. చనిపోయిన అక్క పిల్లల కోసం పెళ్ళి మానుకుని, వాళ్ళను పెంచి పెద్దచేసి, వాళ్ళ పిల్లలకూ లాలపోసి, నడుం వంగాక గుట్ట మీది ఆ ఆశ్రమానికి చేరిన మనిషి ఆమె. వచ్చే పున్నమికి మంత్రోపదేశం ఇస్తానని స్వామి చెప్పగానే సంతోషించాల్సింది పోయి బిక్కమొహం వేసింది.

"వయసులో వచ్చింటే ఒక అర్థముండేది సామీ. ఒళ్ళంతా ఇంటి చాకిరీలో అరిగిపోయినాక, మిగిలిందాన్ని తెచ్చి దేవుని ముందర పెడితే ఆయప్ప తీసుకుంటాడా? నాకొద్దు. పున్నమినాడు పొద్దున్నే మా ఊరికి పోతా."

"పోదువులేమ్మా. అందాక పెరట్లో ఉండే నందివర్ధనాన్ని చూసుకో. పున్నమి పూజకు పూలు దానివే" అన్నారు స్వామి.

అది కరువు సీమ. గుట్ట కింది బావి నుంచి నీళ్ళు నెత్తిన మోసుకు రావాలి. ఒక్కొక్క మనిషికి రోజుకు ఒక బిందె, అంతే. అందుకే ఆశ్రమంలో నీళ్ళు ఒక్క పని చేసి ఊరుకునేవి కావు. బియ్యం కడిగిన నీళ్ళు ఆవు తాగేది. స్నానాలు చేసేదీ, బూడిదతో గిన్నెలు తోమేదీ ఒకే బండ మీద. అక్కడ పారిన నీళ్ళన్నీ చిన్న కాలువలో నందివర్ధనం పాదులోకి పోయేవి. స్వామి సబ్బును గుట్ట ఎక్కనిచ్చేవారు కాదు. తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి.

ఆ కాలువ చూసి సుంకమ్మ లెంపలు వేసుకుంది. ఎంగిలి గిన్నెల నీళ్ళు, ఒంటి మురికి నీళ్ళు దేవుడి పూలచెట్టుకా! ఎవరూ చూడకుండా కాలువకు మట్టిపెళ్ళ అడ్డం పెట్టి, నీళ్ళను కంచె వైపు తిప్పేసింది. తన బిందెలోని తాగే నీళ్ళు రోజూ భక్తిగా చెంబుతో చెట్టుకు పోసింది. తాను గుక్కెడుతో సరిపెట్టుకుంది. పాపం, జీవితమంతా ఆమె చేసిందే అది. ఆమెకు వేరే పద్ధతి తెలియదు.

చెంబెడు నీళ్ళు ఆ ఎండకు ఏ మూలకు? కొన్నాళ్ళకే ఆకులు వేలాడాయి, మొగ్గలు రాలడం మొదలుపెట్టాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆ రాలిన మొగ్గలు ఏరుకుంటూనే సుంకమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది.

స్వామి పరుగున వచ్చారు. ఆమెను లేపి నీడపట్టునున్న ఆ బండ మీదే కూర్చోబెట్టి, ముందు తాగించి, తర్వాత తన బిందె తెచ్చి తలమీద, మొహాన, కాళ్ళమీద పోశారు. పసిబిడ్డకు పోసినట్టు, కళ్ళల్లో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ పోశారు. సుంకమ్మకు అలా ఒకరు నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో. ఆమె ఏడ్చింది.

అప్పుడు స్వామి వంగి, కాలువకు అడ్డంగా ఉన్న మట్టిపెళ్ళ తీసేశారు. నీళ్ళు పాదులోకి మళ్ళాయి.

"వద్దు సామీ! నా కాళ్ళు కడిగిన నీళ్ళు!" అని ఆమె లేవబోయింది. స్వామి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి కాలువ ఎప్పటిలాగే పారింది. ఆమె బిందెలో నీళ్ళు ఆమే తాగేలా స్వామి దగ్గరుండి చూశారు.

పున్నమి వచ్చింది. సుంకమ్మ తెల్లవారగానే బట్టల మూట కట్టుకుని, ఒప్పుకున్న పని గనుక పెరట్లోకి వెళ్ళింది. రాలకుండా నిలిచిన మొగ్గలన్నీ విచ్చుకుని ఉన్నాయి. కోసి, పూలసజ్జ నింపి, మూట చంకన పెట్టుకునే గుడి గడపలో స్వామికి అందించబోయింది.

స్వామి అందుకోలేదు. "నువ్వే పెట్టమ్మా. రెండు చేతులా పట్టుకో" అన్నారు.

రెండు చేతులా పట్టుకోవాలంటే మూట దింపాలి. సుంకమ్మ దింపింది. అయినా గడప దాటలేక నిలబడిపోయింది.

"ఇవి ఏం నీళ్ళు తాగి పూసినాయో మీకు తెలుసు గదా సామీ" అంది.

స్వామి సజ్జలోకి ఒకసారి తొంగిచూశారు.

"తెల్లగానే ఉండాయి గదా తల్లీ" అన్నారు. "పోయి పెట్టు. ఆయప్ప అప్పటినుంచీ కాచుకోని ఉండాడు."