ఏ ఏటి రేవు?

భుజంగరావుకి నౌకాపురం దొరికింది.

రెండువేల ఏళ్ల కిందట కృష్ణ సముద్రంలో కలిసేచోట ఆ పట్నం ఉండేదనీ, సన్నబట్టల కోసం పరదేశపు ఓడలు వచ్చేవనీ పాత శాసనాల్లో ఉంది. ఫలానా చోట అని మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. భుజంగరావు ఓ ఇసకదిబ్బ మీద గీతల కుండపెంకు ఒకటి ఏరుకొచ్చి, నలభై పేజీల వ్యాసం రాసేశాడు. ఎల్లుండి బందరులో పండితుల ముందు చదవాలి. ముందుగా తన గురువు అచ్యుతరామయ్యగారికి వినిపించాడు.

"చోటు తేలిపోయింది గురువుగారూ. పట్నం కట్టిన సంవత్సరం కూడా తేల్చేశాను."

"నెల తేలలేదా?" అన్నారాయన.

"అది వచ్చే వ్యాసంలో," అన్నాడు భుజంగరావు వినయంగా.

గురువుగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "పద, చూసొద్దాం."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఏరు సముద్రంలో కలిసే మొగకి వెళ్లి, నాంచారమ్మ అనే పల్లెకారామె పడవ మాట్లాడుకున్నారు. భుజంగరావు కొత్త కిర్రుచెప్పులతో పడవెక్కి, "పాత రేవుకి పోనీ," అన్నాడు.

"ఏ ఏటి రేవండీ?"

"అంటే?"

"పోయినేటిది అదిగో, ఆ మడచెట్ల కాడ. తుపానుకి ముందుది ఇప్పుడు మనం పోతున్న నీళ్ల కింద. మా అత్త కాపరానికొచ్చిన నాటిదైతే..." అని నాంచారమ్మ సముద్రంలోకి చెయ్యి చూపించింది. "ఈత వచ్చా?"

భుజంగరావు గురువుగారి వంక చూశాడు. ఆయన కొంగల్ని చూస్తున్నారు.

"ఆ ఇసకదిబ్బ దగ్గరికి పోనీలే," అన్నాడు చివరికి, వేలితో చూపిస్తూ.

"అదా? అది మొన్న వరదకి మేటపడింది బాబుగారూ. ఎగువనుంచి ఏం కొట్టుకొచ్చినా దానిమీదే ఆగుద్ది."

"మొన్నంటే ఎప్పుడు?"

"మా చిన్నదానికి పళ్లొచ్చినప్పుడు."

అంతలో పడవ ఇసకమేటకి తగిలి ఆగిపోయింది. భుజంగరావు దిగి తోశాడు. మోకాలిదాకా బురద. పడవ కదిలింది గానీ అతని ఎడమకాలి చెప్పు పైకి రాలేదు. వంగి, మోచేతులదాకా ముంచి దేవడం మొదలుపెట్టాడు.

"ఆ రెండోది ఇలా ఇయ్యి," అని గురువుగారు చెయ్యి చాపారు.

భద్రంగా పట్టుకుంటారనుకుని ఇచ్చాడు. ఆయన దాన్ని గిరగిరా తిప్పి అవతలి ఒడ్డు బురదలోకి విసిరేశారు.

"గురువుగారూ! కొని పదిరోజులు కాలేదు!"

"ఉండనీ నాయనా. రెండువేల ఏళ్ల తర్వాత నీలాంటివాడొకడు ఇటు తవ్వుతాడు, వాడంటే పడనివాడొకడు అటు తవ్వుతాడు. ఇది ఎడమకాలివాళ్ల పట్నమనీ, అది కుడికాలివాళ్ల పట్నమనీ తేల్చేస్తారు."

నాంచారమ్మ నవ్వుకి పడవ ఊగింది.

భుజంగరావు పడవెక్కాడు. చేతులు కడుక్కుని, సంచిలోంచి వ్యాసం తీశాడు. కాయితాలు బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకుని, పెన్సిలు పట్టుకున్నాడు.

"ఈ మొగ నీకు తెలిసి ఎన్నిసార్లు పక్కకి జరిగిందమ్మా?"

"చెబుతాగానీ, ముందు ఈ గెడకర్ర పట్టి తొయ్యండి. నా ఒక్కదానివల్ల కావట్లేదు."

భుజంగరావు పెన్సిలు చెవిమీద పెట్టుకుని గెడకర్ర అందుకున్నాడు.