మూరెడు పిస్తోలు

"ఈ రాజ్యంలో నన్ను తన్నగలిగేది ఈ పిస్తోలొక్కటే! దీన్ని అవతల పారెయ్యండి!"

తుమ్మలగెడ్డ రాజు పెదజగ్గరాజుగారు సభలోకి వస్తూనే చేసిన గర్జన ఇది. ముక్కు మీద వాపు, మణికట్టుకి పసుపు పట్టీ. ఆ పిస్తోలు గొట్టం బెత్తెడే. పేల్చినప్పుడల్లా పైకెగిరి రాజుగారిని వెనక్కి తన్నేది.

మామూలప్పుడైతే నాలుగు తిట్టి ఊరుకునేవారే. కానీ దసరాకి పక్క సంస్థానం వేగివలస రాజుగారితో పందెం ఒప్పేసుకున్నారు. చెరో దండేనికీ ఐదేసి కుండలు వేలాడదీస్తారు. ముందుగా ఎవరు తమ కుండలన్నీ పగలగొడితే వారిది గెలుపు. ఓడినవారు జనం చూస్తుండగా అక్కడికక్కడే మీసం గొరిగించుకోవాలి. రాజుగారికి కోట పోయినా నిద్ర పడుతుందేమో గాని, మీసం పోతే పట్టదు.

"పిస్తోలు మెత్తగా పేలాలి, గురి తప్పకూడదు. గొట్టం ఎంత పొడుగుండాలో చెప్పండి. ఎవరి మాట తప్పయితే వాళ్ళ మీసం కూడా ఎగిరిపోతుంది, ముందే చెప్తున్నా!"

సభలో అందరూ మూతులు తడుముకున్నారు. దళవాయి ఉద్దండరావు మాత్రం లేచాడు. ఆయన సేనలు నడిపింది ఎవరూ చూడలేదు గాని, మీసం నడిపింది అందరూ చూశారు. చెవుల దాకా ఉండేది మరి! విందుల్లో పాయసం వడ్డిస్తే మాత్రం ఎందుకో పక్కకి తిరిగి తాగేవాడు.

"మూరెడుండాలి మహారాజా! గొట్టం ఎంత పొడుగైతే అంత మెత్తన. అంత దర్జా కూడానూ!"

రాజుగారి పక్కన తాంబూలం పళ్ళెం పట్టుకుని గుంపస్వామి నిలబడి ఉన్నాడు. ఆకుమడుపులు చుట్టివ్వడం, వేటకెళ్తే పిస్తోలందివ్వడం అతని కొలువు. అడక్కుండా మాట్లాడ్డం అతని జబ్బు.

"మెత్తన నిజమే ప్రభూ. కానీ మూరెడు గొట్టానికి ముక్కు బరువు. ఒక కుండ మీంచి ఇంకో కుండ మీదకి తిప్పేసరికి దసరా వెళ్ళి దీపావళొస్తుంది. తమ చేత్తో జానెడు, కాస్త దళసరిగా ఉంటే చాలు. తన్నదు, తూలదు."

"జానెడా!" ఉద్దండరావు పగలబడి నవ్వాడు. "ఒరేయ్ ఆకులోడా, వేగివలసవాళ్ళు చూస్తే ప్రభువులు పిల్లనగ్రోవి తెచ్చారనుకుంటారు!"

ఆ మాట రాజుగారికి చురుక్కుమంది. "కుండ పగలకపోయినా ఫరవాలేదు గాని పొట్టి పిస్తోలని అనిపించుకోను. మూరెడే!" అనేశారు. జానెడుదాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోనన్నారు.

మూరెడు పిస్తోలు తయారైంది. నిజంగానే తన్నలేదు. కానీ రెండో కుండ దగ్గరికొచ్చేసరికి నీళ్ళ బిందె ఎత్తినట్టు రాజుగారి చెయ్యి కిందికి జారిపోయేది. మూడో గుండు నేలకి తగిలేది. రాజుగారు కుండల్ని తిట్టేవారు, గాలిని తిట్టేవారు. ఉద్దండరావు "అద్భుతం!" అనేవాడు. గుంపస్వామికి మాత్రం రాజుగారి మీసం మంగలి పొదిలో కనిపించింది. ఆ సాయంత్రమే కమ్మరి ఇంటికెళ్ళాడు.

దసరా వచ్చింది. మైదానం కిటకిటలాడింది. గుంపస్వామి ఒక చేత్తో ఆకుమడుపు, ఇంకో చేత్తో పిస్తోలు అందించాడు. మూరెడు గొట్టం ఎండలో తళతళా మెరిసింది. వేగివలస రాజుగారు దాన్ని చూసి తన మీసం ఒకసారి తడిమి చూసుకున్నారు.

డప్పు మోగింది. ఢాం! మన రాజుగారి మొదటి కుండ పగిలింది. ఢాం! రెండోది. అవతలి రాజుగారు మూడో కుండకి గురి చూస్తుండగానే ఇక్కడ ఐదూ పెంకులైపోయాయి!

"ఇవాళ చెయ్యి భలే తేలిగ్గా ఉందిరా!" అన్నారు రాజుగారు ఉబ్బిపోతూ.

పాపం, వేగివలస రాజుగారు మాట తప్పే మనిషి కాదు. మంగలి ముందు కూర్చున్నారు. మీసం పోయింది.

ఉద్దండరావు ఆగితేనా! "చూశారా మూరెడు మహిమ! జానెడన్నవాడి మీసం కూడా గొరగండి!"

గుంపస్వామి చేతులు కట్టుకుని అడిగాడు. "అయితే దళవాయిగారూ, ఇంతకంటే మంచి పిస్తోలు ఉండదంటారా?"

"ఉండదు! నా మీసం మీద ఒట్టు!"

గుంపస్వామి పిస్తోలందుకుని కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. సగం గొట్టం టప్పున ఊడొచ్చింది. ఉత్త రేకు గొట్టం! మిగిలింది దళసరి జానెడు పిస్తోలు.

జనం నోళ్ళు తెరిచారు. రాజుగారి కళ్ళెర్రబడ్డాయి. "నేను మూరెడడిగితే జానెడిస్తావురా?"

"మూరెడే ఇచ్చాను ప్రభూ. గొట్టం జానెడు, గొప్ప జానెడు. రెండు జానలు కలిస్తే మూరెడేగా!"

రాజుగారు పళ్ళు కొరకబోయి ఫక్కున నవ్వేశారు. "ఉద్దండరావూ, మాట తప్పయింది. కూర్చో!"

"మహారాజా, వద్దు! ముఖ్యంగా నీళ్ళు రాయొద్దు!" అని దళవాయి మొత్తుకున్నాడు. మంగలి వింటాడా? తడిచేత్తో రుద్దాడు. చెవుల దాకా ఉన్న రెండు కొసలూ జిగురుతో సహా ఊడి అతని చేతిలోకొచ్చాయి. మిగిలింది బెత్తెడు కూడా లేదు.

"ఓరినీ!" రాజుగారు గుంపస్వామి కేసి తిరిగారు. "ఈ రేకు ఉపాయం ఎక్కడ నేర్చావురా?"

"పాయసంలో ప్రభూ. తాంబూలం పట్టుకుని విందుల్లో నిలబడేవాడికి గిన్నెల్లో ఏం తేలుతోందో కనిపిస్తుంది. కొసకి కొస అతికించడం దళవాయిగారి దగ్గరే నేర్చుకున్నాను."

మైదానమంతా ఒకటే నవ్వు. రాజుగారు తన వేలి ఉంగరం తీసి గుంపస్వామి వేలికి తొడిగారు.

ఆ నవ్వుల్లో వేగివలస రాజుగారు నున్నటి మూతి తడుముకుంటూ మెల్లగా దగ్గరికొచ్చారు.

"బావగారూ, ఆ రెండు కొసలూ నాకిప్పించండి. ఇంటికెళ్ళాలి కదా!"