ఊక చూపిన దారి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త వీరాయమ్మ. పడవలోనే పుట్టిన మనిషి, అబద్ధం ఆడదు. మా తోడికోడలు సూరమ్మ చెప్పేది వేరు. ఆ మనిషితో నాకు ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు, అది మీకెందుకు. ఊ కొట్టండి.

అనగనగా గోదారి ఒడ్డున, కొండల నడుమ ఓ ఊళ్ళో అచ్చియ్యమ్మ అనే కోడలు ఉండేది. అక్కడ గోదారి ఎలా ఉంటుందనుకున్నారు? ఈ కొండ వెనక ఆ కొండ, ఆ కొండ వెనక నల్లకొండ, నల్లకొండ వెనక మబ్బుకొండ. వెదురు పొదల్లోంచి సెలయేరు నూలుపోగులా జారుతుంటుంది. అంత గోదారీ సన్నబడి సన్నబడి కొండల్లోకి దూరిపోతుంది.

అచ్చియ్యమ్మ రోజూ వడ్లు దంచి, రేవులో కూర్చుని చెరిగేది. ఊకంతా నీళ్ళలో పోసి, అది ఎటు పోతుందో చూసేది. పొయ్యిలోకి ఊక మిగల్చవేమే అని అత్త తిట్టేది. కోడలు మర్నాడు మళ్ళీ పోసేది. వింటున్నారా, నిద్రపోయారా?

ఒకనాడు ఎగువ నించి రాజుగారి పడవ వచ్చింది. అందులో పడుకున్న రాజుగారి కూతురికి జ్వరం, మూడు రోజులుగా కన్ను తెరవలేదు. వేర్లమందు ఇచ్చే వైద్యుడు కొండల అవతల, దిగువన ఉన్నాడు. పొద్దుగూకేలోగా చేరకపోతే పిల్ల దక్కదు. తీరా మన రేవు పక్క మలుపు దగ్గరికొచ్చేసరికి ఎదర కొండ, కుడిన కొండ, ఎడమన కొండ. గోదారి ఇక్కడితో సరి, వెనక్కి తిప్పాలన్నారు పడవ నడిపే పట్నం సరంగులు. రాజుగారు నమ్మేసి తల పట్టుకున్నారు. రాజులకేం తెలుసు ఏటి సంగతి?

రేవులో కూర్చుని ఇదంతా విన్న అచ్చియ్యమ్మ చాటతో పడవెక్కి, చాటెడు ఊక నీళ్ళ మీద చల్లింది. ఎడమవైపుది గిర్రున తిరిగి మునిగిపోయింది, అక్కడ సుడి. కుడివైపుది కొండ మొదలు ఒరుసుకుంటూ పోయి పోయి కనబడకుండా పోయింది.

"ఊక పోయిన దారినే పోనివ్వండి బాబూ. ఆగిపోయే ఏరైతే ఊక ఇక్కడే తేలును గదా," అంది.

ఊక వెనక పడవ, పడవ వెనక కొండ. ఎదర కొండ తలుపులా తెరుచుకుంది, అవతల ఆకాశమంత గోదారి. పొద్దుగూకకముందే పిల్ల నోట్లో మందు పడింది, తెల్లారేసరికి అన్నం అడిగింది.

రాజుగారు దణ్ణం పెట్టి, ఏం కావాలమ్మా అన్నారు.

"ఊక గురించి మా అత్త తిట్టకుండా ఉంటే చాలు బాబూ."

అత్త సిగ్గుపడి, ఆనాటి నించి ఊక తనే మోసుకొచ్చి రేవులో పెట్టేది. రాజుగారు ఆ మలుపుకి అచ్చియ్యమ్మ మలుపని పేరు పెట్టారు. ఇప్పటికీ మా వాళ్ళ పడవలు అక్కడ గుప్పెడు ఊక చల్లి, తల్లీ నీ దయ అనుకున్నాకే లోపలికి పోతాయి. దారి చూపినవాళ్ళని మరిస్తే రేవు చేరమర్రా.

కథ కంచి దారి పట్టింది, మనం పక్కలెక్కుదాం. ఆగండి, ఒక్క మాట. లాంచీ మైకులో చెప్పేవాడు దాన్ని రాజుగారి మలుపంటున్నాడు. సూరమ్మా అదే అంటుంది. రేవులో పాతిన పేరు బల్ల మీద కూడా అదే రాశారంట. నాకు నా పేరు రాయడమే వచ్చు. మీలో బాగా రాయడం వచ్చినవాళ్ళు, ఆ పేరు కొట్టేసి అచ్చియ్యమ్మ పేరు రాయండి నాయనా.