ఉసిరి చెట్టు కింద పొగ

మాణిక్యాంబ గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. మన్యం అంచున, కొండ కింద ఉన్న ఆమె ఆశ్రమానికి మగవాళ్లు ఎక్కువగా జవాబులు పట్టుకుని వచ్చేవారు, ఆమె చేత ఔననిపించుకోవడానికి. ఆడవాళ్లు ప్రశ్నలతో వచ్చేవారు. చాలామంది వాటిని అడగకుండానే అంట్లు తోమి వెళ్లిపోయేవారు. నీలవేణి అడిగింది.

నీలవేణి కూతురు సుగుణ శ్రావణంలో మూడో కాన్పుకి చనిపోయింది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు. మూడోసారి పుట్టిన మగబిడ్డ కూడా దక్కలేదు. ఆనాటి నుంచి ఆమె కంట తడి లేదు. వండింది, వడ్డించింది, తల్లి లేని మనవరాళ్లకు జడలు వేసింది, ఏడవలేదు. ఏడవని ఆడదాన్ని చూస్తే లోకానికి భయం. చెట్టూ చేమా మధ్య కొన్నాళ్లుంటే మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పగా, భర్త సత్తిరాజు ఆమెను తెచ్చి ఆశ్రమంలో దింపాడు. పని లేకుండా కూర్చోవడం ఎలాగో నీలవేణికి ఎవరూ నేర్పలేదు. వచ్చిన మర్నాడే ఆశ్రమం వంటశాలలో దూరింది.

ఒకరోజు మాణిక్యాంబ గారు చింతపండు గింజలు తీస్తుండగా ఆమె పక్కన కూర్చుని అడిగింది.

"కొండను చూస్తే కొండలాగే ఉందమ్మా. వాగును చూస్తే నీళ్లే కనిపిస్తున్నాయి. అందరికీ నయం చేసే అడవి నాకెందుకు చెయ్యదు?"

మాణిక్యాంబ గారు చేతిలో పని ఆపలేదు. సోమవారం వనభోజనాలున్నాయి, రమ్మన్నారు.

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వండుకుని తింటే పుణ్యమంటారు. ఆ పుణ్యంలో తినడం మగవాళ్ల వంతు, వండడం ఆడవాళ్ల వంతు. ఆ సోమవారం వాగు అవతలి తోపులో చాపలు పరిచారు. రిటైరైన హెడ్మాస్టరు పరంధామయ్య గారు చెట్టు మొదట్లో కూర్చుని, అడవి తల్లి ఒడి అనీ, అందులో తల పెట్టుకుంటే ఎంతటి శోకమైనా కరిగిపోతుందనీ చెప్పసాగారు. సత్తిరాజు కూడా ఊరి నుంచి వచ్చి చాప మీద కూర్చున్నాడు. వాళ్ల వెనక ఆడవాళ్లు రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించారు. ముందురోజు పడ్డ వానకి పుల్లలు తడిసి ఉన్నాయి. పరమాన్నం అడుగంటనివ్వని చెయ్యి అని నీలవేణికి పెద్ద గుండిగ అప్పగించారు. పనిలో పడితే దుఃఖం తెలియదని ఒకావిడ ఓదార్చింది కూడా.

తడి పుల్లలు రాజుకోక పొగ కమ్మేసింది. గరిటె వదిలితే పాలు మాడతాయి. నీలవేణి ముఖం పక్కకు తిప్పుకుని కలుపుతూనే ఉంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారి గడ్డం దాకా వచ్చాయి.

పరంధామయ్య గారు ఉపన్యాసం ఆపేశారు. ఇన్నాళ్లకు ఆమె ఏడ్చిందనీ, అడవి తల్లి కరుణించిందనీ, ఇక గండం గడిచినట్టేననీ అందరికీ చూపించి చెప్పారు. ఇద్దరు ముగ్గురు చెట్టుకి దణ్ణం పెట్టుకున్నారు.

"పొగ, మాష్టారూ," అన్నారు మాణిక్యాంబ గారు.

అమ్మగారి వేళాకోళానికి అందరూ నవ్వారు. సత్తిరాజు నవ్వలేదు. అతని గుండె మీద నుంచి బరువు దిగిపోయింది. అతను చెడ్డవాడు కాదు, వచ్చిన చిక్కే అది. పొయ్యి దగ్గరికి వచ్చి, సాయంత్రమే బయల్దేరదామని భార్యతో మెల్లగా చెప్పాడు. పిల్లలిద్దరూ తన తల్లికి మాలిమి కావడం లేదనీ, వరికోతలు కూడా దగ్గరపడ్డాయనీ, కూలీలకు వండాలనీ అన్నాడు. నీలవేణి కలుపుతూనే సరేనంది.

మాణిక్యాంబ గారు లేచి వచ్చి ఆమె చేతిలోని గరిటె తీసుకుని సత్తిరాజుకిచ్చారు.

"కాసేపు తిప్పుతూ ఉండు నాయనా. నీ భార్య ఇంకా అడవికి రాలేదు."

అందరి ముందూ కాదనలేక అతను గరిటె పట్టుకున్నాడు. నీలవేణి కాసేపు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. తర్వాత చెట్ల మధ్య నుంచి వాగు వైపు వెళ్లింది.

పరమాన్నం మాడింది. మాడ్చింది సత్తిరాజైనా, నోట్లో పెట్టుకున్న ప్రతివాళ్లూ నీలవేణి ఎక్కడికి పోయిందనే అడిగారు.

విస్తళ్లు ఎత్తేశాక ఆమె తిరిగి వచ్చింది. ముఖంలో పరంధామయ్య గారు వర్ణించిన వెలుగేమీ లేదు. వెళ్లినప్పటికంటే ఇంకా పాలిపోయి ఉంది. తిన్నగా మాణిక్యాంబ గారి దగ్గరికి వచ్చింది.

"మూడో కాన్పు వద్దని సుగుణ నా కాళ్లు పట్టుకుందమ్మా. ఒక్క మగనలుసు పుడితే నీ కాపురానికి ఢోకా ఉండదని నేనే నచ్చజెప్పి పంపాను. ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. ఇవాళ వాగుకి చెప్పాను. అది నన్ను ఊరుకోమనలేదు. తగ్గిందా అని అడగలేదు. ఇంకా చాలా ఉందమ్మా చెప్పాల్సింది," అంది.

సత్తిరాజు తల వంచుకుని గుండిగ అంచున మాడు గీకుతున్నాడు. కాసేపటికి, పొద్దు వాలుతోందనీ, ఆటో అతను తొందరపడుతున్నాడనీ చెప్పాడు. నీలవేణి వాగు వైపు ఒకసారి చూసి, మూట తెచ్చుకుంది. వెళ్లొద్దని ఆమెతో ఎవరూ అనలేదు. అంటే మాత్రం ఆ పసివాళ్లకు అన్నం పెట్టేదెవరు?

ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. తను అడిగినదానికి అమ్మగారు జవాబు చెప్పనేలేదని గుర్తుచేసి, అడవికి నిజంగా నయం చేసే గుణం ఉందా అని అడిగింది.

మాణిక్యాంబ గారు దగ్గరికొచ్చి, ఆమె చెంప మీద అంటుకున్న మసి కొంగుతో తుడిచారు.

"మందు మంచిదే తల్లీ. తాగేంతసేపు నిన్నెవరు కూర్చోనిచ్చారు గనక."