కోట బూర, నూనె గరాటు

రండర్రా, ముందుకు జరిగి కూర్చోండి.

ఒక రాజుగారి కోటలో ఈరప్ప అనే ముసలాయన ఇత్తడి బూర ఊదేవాడు. ఆ కొలువుకు రెండెకరాల మాన్యం ఉండేది. దాని మీద కోట సైన్యాన్ని నడిపే దళవాయి కన్ను పడింది.

"బూరకు ఊపిరి ఉంటే చాలు ప్రభూ! మా బావమరిది ఆబోతులా ఉంటాడు," అంటూ ఒకనాడు దళవాయి రాజుగారి ఎదుటే ఈరప్ప చేతిలోని బూరను లాక్కుని బావమరిది చేతికిచ్చాడు. అతగాడు బుగ్గలు పూరించి, కళ్లు తేలేసి ఊదాడు. ఫుస్సుమని గాలి వచ్చిందే గాని మోత రాలేదు.

"ఈ ముసలాడు బూరను పాడుచేశాడు! మాన్యం లాగేసుకోండి ప్రభూ!" అని అరిచాడు దళవాయి.

ఈరప్ప చేతులు కట్టుకున్నాడు. "అయితే పాడుకానిది ఏదైనా తమరే ఇప్పించండి బాబూ, ఊదుతాను."

దళవాయి వెటకారంగా కాగడాలవాడి నూనె గరాటు విసిరాడు. "ఇదిగో, ఏడువు!"

ఈరప్ప దాన్ని తుడిచి మూతికి ఆనించాడు. పెదవులు వదులుగా అదిరిస్తే గరాటు వంపు కొమ్ములా బొంగురుగా పలికింది. బిగించి అదిరిస్తే పొడుగు బూరలా ఖంగుమంది. కట్టేసిన ఏనుగులు చెవులు నిక్కించాయి.

"పలికేది పెదవులు ప్రభూ. ఇత్తడి ఆ పలుకును పెద్దది చేస్తుందంతే," అని ఈరప్ప దళవాయి వైపు తిరిగాడు. "బూరను నేను పాడుచేశానే అనుకుందాం. మరి ఈ గరాటును ఎవరు బాగుచేశారు బాబూ?"

రాజుగారు ఫక్కున నవ్వారు. మాన్యం ఈరప్పకే ఉండిపోయింది.

ఇక లేవండి, ఇళ్లలో అన్నాలు చల్లారిపోతున్నాయి.